టిక్కెట్టులో భోజనం: ఓడ ప్రయాణంలో తిండి ఖర్చు ఎవరిది?

పరిచయం

దువ్వాడలో మా వీధిలో ఒక మిత్రుడున్నారు. ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి పదవీ విరమణ చేశారు. సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు కిందటేడు తల్లిదండ్రులను అక్కడికి రప్పించి, నాలుగు రోజుల విహారనౌక ప్రయాణానికి పంపింది. తిరిగి వచ్చాక ఆయన మా ఇంటికి వచ్చి ఫొటోలు చూపించలేదు. జేబులోంచి ఒక బిల్లు తీసి బల్ల మీద పెట్టారు. "మాస్టారూ, భోజనం టిక్కెట్టులోనే ఉందన్నారు. మరి ఇదేమిటి?" అని అడిగారు.

ఆ ప్రశ్నకు వ్యాపార సమాధానం ఒకటుంది, చరిత్ర సమాధానం ఒకటుంది. మొదటిది చిన్నది. రెండవదానికి మన ఉత్తరాంధ్ర తీరంతో చాలా సంబంధం ఉంది. ఈ పాఠంలో రెండూ చూద్దాం. అయితే ఎక్కువ సమయం రెండవదానికే కేటాయిస్తాను.

1. బిల్లు చదవడం

నేటి విహారనౌకల్లో తిండి రెండు విధాలుగా ఉంటుంది. ప్రధాన భోజనశాల, బఫే సాధారణంగా ప్రయాణ ఛార్జీలో కలిసే ఉంటాయి. ఎంత తిన్నా, ఎన్నిసార్లు తిన్నా అడిగేవారు లేరు. వీటికి తోడు ప్రత్యేక రెస్టారెంట్లు కొన్ని ఉంటాయి. అక్కడ మనిషికి ఇంత అని రుసుము తీసుకుంటారు, లేదా ఒక్కో వంటకానికి విడిగా ధర వేస్తారు. మద్యం, శీతలపానీయాలు, చాలా ఓడల్లో సీసా నీళ్ళు కూడా విడి ఖర్చే. మా మిత్రుడికి బాగా కోపం తెప్పించింది కాఫీ. బఫేలో ఊరికే ఇచ్చిన కాఫీకి పది అడుగుల దూరంలోని కౌంటరులో డబ్బు పడింది. పైగా సిబ్బంది సేవకని మనిషికి, రోజుకు ఇంత చొప్పున కలిపారు. చేతిలో ఉన్న గది తాళం కార్డే ఖాతా కార్డు కూడా కావడం వల్ల, డబ్బు ఖర్చవుతున్నదన్న స్పృహ ఆయనకు చివరి రోజు వరకు కలగలేదు.

ఇందులో మోసమేమీ లేదు, షరతులన్నీ టిక్కెట్టు మీద రాసే ఉన్నాయి. సూక్ష్మం ఏమిటంటే, ఓడ రేవు దాటిన తరువాత ఖాళీ గది మీద పైసా రాదు. అందుచేత ఛార్జీ తగ్గించి అయినా గదులు నింపుతారు. నిండిన తరువాత ప్రయాణికుడు లోపల పెట్టే ఖర్చు మీద ఆదాయం వెతుక్కుంటారు. సముద్రం మధ్యలో పక్క వీధి హోటలు అంటూ ఉండదు కదా. నార్వీజియన్ క్రూయిజ్ లైన్ అనే సంస్థ 2000లో 'ఫ్రీస్టైల్' పేరుతో నిర్ణీత సమయానికి, నిర్ణీత బల్ల దగ్గర తినే పద్ధతిని సడలించి, ఒకే ఓడలో అనేక రెస్టారెంట్ల పద్ధతికి ప్రచారం తెచ్చింది. తరువాత ఇతర సంస్థలూ ఆ దారిలోనే నడిచాయి.

మీరు రైలు ప్రయాణంలో ఇదే చూసి ఉంటారు. విశాఖపట్నం స్టేషనుకు వెళ్ళకుండా దువ్వాడ మీదుగా సాగిపోయే రైళ్ళు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం తిండి మీరు కొనుక్కోవలసిందే. రాజధాని, వందే భారత్ వంటి రైళ్ళలో టిక్కెట్టు కొనేటప్పుడే భోజనం కావాలా వద్దా అని అడుగుతారు. "కావాలి" అన్నవారు ముందే చెల్లించారు, అంతే తేడా.

ఇక చరిత్రకు వద్దాం. "భోజనం కలిపి" అనే మాట ఒక పత్రం మీద కనిపించినప్పుడు చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న ఒకటే: ఆ ఖర్చును ఎవరు, ఎప్పుడు, దేనితో తీర్చారు? మన తీరం నుంచి వెళ్ళిన రెండు రకాల ఓడలకు ఈ ప్రశ్న వేసి చూద్దాం.

2. ఒప్పంద కూలీల ఓడ

పంతొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ళలో అట్లాంటిక్ సముద్రం దాటే పేద వలసదారులు చాలావరకు తమ తిండి తామే మోసుకుపోయేవారు. గాలి అనుకూలించక ప్రయాణం సాగిపోతే తిండి అయిపోయేది. బ్రిటన్ 1803 నుంచి వరుసగా చట్టాలు చేసింది. 1842 నాటి చట్టం ఓడవారు ప్రయాణికుడికి వారానికి ఇంత తిండి సరుకు ఇవ్వాలని నిర్దేశించింది. ఓడ టిక్కెట్టులోకి భోజనం వచ్చింది ఇటువంటి చట్టాల ఒత్తిడి వల్లనే. కంపెనీల ఉదారత అందులో పెద్దగా లేదు.

భారతదేశం నుంచి ఒప్పంద కూలీలు మారిషస్‌కు వెళ్ళడం 1834లో మొదలైంది. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. నేటాల్ చెరకు తోటలకు వెళ్ళిన మొదటి భారతీయ కూలీలు అందులో ఉన్నారు. ఆ తరువాతి దశాబ్దాలలో నేటాల్ వెళ్ళిన తెలుగువారిలో విశాఖపట్నం, గంజాం జిల్లాలవారు గణనీయంగా ఉన్నారు. 1903 నుంచి మద్రాసు మీదుగా ఫిజీకి కూడా వెళ్ళారు.

ఈ ఓడల్లో భోజనం పూర్తిగా 'కలిపే' ఉండేది. కూలీ ఒక్క రూపాయి కట్టనక్కరలేదు. 1883 నాటి వలస చట్టం కింద బియ్యం, పప్పు, నూనె, ఉప్పు, చింతపండు, మసాలా దినుసుల వంటివి మనిషికి ఎంత ఇవ్వాలో కొలతలతో సహా నిబంధనలు ఉండేవి. వండడానికి భండారీలను పెట్టేవారు. ఓడ మీద ఒక వైద్యాధికారి ఉండేవాడు. సజీవంగా దిగిన కూలీల లెక్క ప్రకారం తలకు ఇంత అని అతనికి ప్రతిఫలం ముట్టేది. ఈ చివరి అంశాన్ని మరొకసారి చదవండి. తిండి కొలతల వెనుక దయ ఎంత ఉన్నదో చెప్పలేం గాని, లెక్క మాత్రం స్పష్టంగా ఉంది. మార్గమధ్యంలో చనిపోయిన కూలీ తోట యజమానికి నష్టం.

మరి ఆ అన్నం ఖర్చు తీరింది దేనితో? అయిదేళ్ళ కట్టుబాటుతో. ఒప్పందంలో రాసిన కూలికి, మధ్యలో మానేసే హక్కు లేకుండా, మానేస్తే జైలుశిక్షకు లోబడి చేసిన పనితో. ఓడలో తిన్న ప్రతి ముద్దకూ ధర ఉంది, కాకపోతే అది దిగిన తరువాత వసూలయింది.

ఈ భోజనానికి మరొక ఫలితం కలిగింది. ఊళ్ళో ఒకరి చేతి నీళ్ళు మరొకరు ముట్టనివారు ఓడలో ఒకే వంటశాల అన్నం తినవలసి వచ్చింది. కులం కట్టు అక్కడ సడలింది. ఒకే ఓడలో వచ్చినవారు పరాయి దేశంలో దగ్గర బంధువుల్లా మెలిగారు. తోటల చరిత్ర రాసిన పండితులు ఈ ఓడ చుట్టరికాన్ని ప్రత్యేకంగా పేర్కొంటారు.

3. రంగం ఓడ

మన జిల్లాలవారికి ఇంతకంటే బాగా తెలిసినది రంగం ఓడ. రంగూన్‌ను మనవాళ్ళు రంగం అనేవారు. 1856లో కలకత్తా–బర్మా మార్గం కోసం ఏర్పడి, తరువాత బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీగా పేరు మార్చుకున్న సంస్థ ఓడలు కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం వంటి రేవులలో ఆగి కూలీలను ఎక్కించుకునేవి. అప్పటికి విశాఖలో లోపలి రేవు లేదు. ఓడ సముద్రంలో లంగరు వేసి ఆగితే జనం మసూలా పడవల్లో అలలు దాటి దాన్ని చేరేవారు. రంగూన్‌లో మనవాళ్ళను 'కోరంగీలు' అనేవారు. కోరంగి రేవు పేరు మీదుగా వచ్చిన మాట అది. బియ్యం మిల్లులు, రేవు, రిక్షాలు వారి పనిచోట్లు.

డెక్కు టిక్కెట్టు కొన్నవాడికి దక్కేది పడుకోవడానికి కాస్త జాగా. మూడు నాలుగు రోజుల ప్రయాణానికి చాలామంది తిండి మూట కట్టుకుని వెళ్ళేవారు. కేబిన్ ప్రయాణికుల సంగతి వేరు. వారి ఛార్జీలో భోజనశాల, తెల్లటి గుడ్డ పరిచిన బల్ల, వడ్డించే మనిషి అన్నీ ఉండేవి. ఒకే ఓడ, ఒకే సముద్రం, పైన కలిపిన భోజనం, కింద మూట.

మా నాయనమ్మ చెప్పిన సంగతి ఒకటి ఇక్కడ రాస్తాను. 1930 ప్రాంతంలో మా తాతగారి అన్న రంగం వెళ్ళారు. నాయనమ్మకు ఆయన బావగారు. ఆవిడే మూటలో అటుకులు, బెల్లం, ఒక చిన్న జాడీలో ఊరగాయ పెట్టి కట్టిందట. మసూలా పడవ నుంచి ఓడలోకి ఎక్కేటప్పుడు జాడీ కాస్తా సముద్రం పాలయింది. బావగారు ఉత్తరం రాయించినప్పుడు క్షేమసమాచారం కంటే ముందు జాడీ సంగతే రాయించారని ఆవిడ నవ్వుతూ చెప్పేది.

డెక్కు ప్రయాణం ఎలా ఉండేదో తెలుసుకోవడానికి అందరికీ అందుబాటులో ఉన్న సాక్ష్యం గాంధీజీ ఆత్మకథ. 1915లో ఆయన కలకత్తా నుంచి రంగూన్‌కు డెక్కు ప్రయాణికుడిగా వెళ్ళారు. కలకత్తాలో ఆయనకు ఆతిథ్యమిచ్చింది భూపేంద్రనాథ్ బసు. పళ్ళు, గింజలు తప్ప తినని అతిథి కోసం ఆ ఇంటివారు నగరంలో దొరికే రకాలన్నీ తెప్పించారు, ఆడవారు రాత్రంతా గింజలు ఒలిచారు. అక్కడి నుంచి నేరుగా డెక్కు మీదికి. అక్కడి స్నానాలగది మురికిని, కూర్చున్న చోటే ఎంగిలి, తమలపాకు, ఉమ్మి పడవేసే ప్రయాణికుల అలవాటును ఆయన దాచకుండా రాశారు. అదే ఏడాది హరిద్వారంలో రోజుకు అయిదు పదార్థాలకు మించి తినకూడదని ఆయన వ్రతం పట్టారు. తన కోసం ఇతరులు పడే శ్రమ, పెట్టే ఖర్చు ఆయనను బాధించడం అందుకు ఒక కారణం.

మరి మూట కట్టుకున్న కూలీ స్వతంత్రుడా? చాలామంది విషయంలో కాదు. ఓడ ఛార్జీ, దారి ఖర్చు, ఇంటి దగ్గర వదిలి వెళ్ళే సొమ్ము మేస్త్రీ బయానాగా ఇచ్చేవాడు. రంగూన్‌లో కూలి అతని చేతుల మీదుగానే వచ్చేది. బయానా కింద, తన వాటా కింద అతను కోసుకోగా మిగిలింది కూలీకి. చట్టం దృష్టిలో ఇది ఒప్పంద కూలీ పద్ధతి కాదు. పద్దు పుస్తకంలో మాత్రం తేడా అంతగా కనిపించదు. తోటలకు వెళ్ళినవాడికి అన్నం ముందు పెట్టి పని తరువాత తీసుకున్నారు. రంగం వెళ్ళినవాడికి అప్పు ముందు ఇచ్చి, ఆ అప్పుతో అన్నం కొనిపించారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒప్పంద కూలీల ఓడలో భోజనం 'ఉచితం' అన్న వాక్యాన్ని మీరు అంగీకరిస్తారా? మేస్త్రీ బయానాతో పోల్చి పది వాక్యాలలో రాయండి. మీ ఇంట్లోగాని, ఊళ్ళోగాని రంగం వెళ్ళినవారి కుటుంబం ఉంటే, వారు ప్రయాణానికి ఏమి కట్టుకుని వెళ్ళారో అడిగి ఆ సమాచారాన్ని జోడించండి.

4. ధనికుల ఓడలో విడి బిల్లు

విడిగా డబ్బు కట్టి తినే రెస్టారెంటు పుట్టింది పేదవారి కోసం కాదు. 1905లో జర్మన్ ఓడ అమెరికాలో రిట్జ్ పేరుతో అటువంటి భోజనశాల తెరిచారు. మొదటి తరగతి ఛార్జీలో భోజనం ఉండగానే, అంతకంటే గొప్పగా తినదలచినవారు అదనంగా చెల్లించి అక్కడికి వెళ్ళేవారు. 1912లో మునిగిన టైటానిక్‌లోనూ అటువంటిదే ఉండేది. దాన్ని లుయిజీ గట్టీ అనే ఇటాలియన్ గుత్తకు తీసుకుని నడిపాడు. అక్కడి వంటవారు, వడ్డించేవారు ఓడ కంపెనీ ఉద్యోగులు కారు, అతని మనుషులు. ప్రమాదంలో గట్టీతో పాటు వారిలో దాదాపు అందరూ చనిపోయారు.

నేటి విహారనౌకలోని ప్రత్యేక రెస్టారెంటుకు పూర్వరూపం ఇదే. అప్పుడు అది మొదటి తరగతి లోపల మరొక మెట్టు. ఇప్పుడు తరగతుల పేర్లు పోయాయి, మెట్టు మాత్రం మిగిలింది.

5. విశాఖ రేవు

1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ జలదుర్గ విశాఖ కొత్త రేవులోకి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. మసూలా పడవలతో పని తప్పింది. రంగం దారి మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఓడలో చోటు దొరికినవారు ఓడలో, దొరకనివారు అరకాన్, మణిపూర్ దారుల్లో కాలినడకన బయలుదేరారు. దారిలో ఆకలితో, రోగాలతో ఎందరో పోయారు. మా పెద్దతాత నడిచే వచ్చారు. ఊరగాయ జాడీ గురించి ఎన్నిసార్లయినా చెప్పిన మనిషి, ఆ నడకలో ఏమి తిన్నారో ఇంట్లో ఎవరికీ చెప్పలేదట.

స్వాతంత్ర్యం తరువాత విశాఖ నుంచి సాగిన ప్రయాణికుల ఓడ అండమాన్ ఓడ. ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు అది వెళుతుంది. అక్కడ బంక్ తరగతివారు భోజనం విడిగా కొనుక్కుంటారు. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే విహారనౌక విశాఖ నుంచి చెన్నై వైపు ప్రయాణాలు నడిపింది. 2023 సెప్టెంబరులో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. మీలో ఎవరైనా రేపు అక్కడి నుంచి ఓడ ఎక్కితే, టిక్కెట్టు కొనేముందు ఏ భోజనశాల ఛార్జీలో ఉంది, తాగేవాటికి లెక్క ఏమిటి, సిబ్బంది సేవా రుసుము ఎంత అని విడివిడిగా అడగండి. శాకాహారం, జైన భోజనం వంటి అవసరాలుంటే అవి కలిపిన భోజనంలోనే దొరుకుతాయో లేదో కూడా ముందే తేల్చుకోండి.

ఇదంతా చెప్పి మా మిత్రుడి బిల్లు ఆయనకు తిరిగి ఇచ్చాను. రంగం సంగతి వినగానే తమ మేనమామ కూడా కళింగపట్నంలో ఓడెక్కినవాడేనని గుర్తు చేసుకున్నారు. ఆయన భార్య మాత్రం ఖర్చు గురించి పెద్దగా బాధపడలేదు. ఓడలో నాలుగు రోజులూ ఆవిడ బఫేలో పెరుగూ అన్నమే తిన్నారట. ఆవకాయ దువ్వాడ నుంచి పట్టుకెళ్ళినదే.