గడప దాటని మార్పు: సూరత్ సర్వేల పాఠం

ఎన్నికల నగారా మోగగానే సర్వేల జాతర మొదలవుతుంది. ఓటు ఎవరికి వేస్తారని ఒకరు, ఏ సబ్బు కొంటారని మరొకరు అడుగుతారు. పొరుగువాడితో ఎలా మెలగుతున్నారని అడిగేవారు అరుదు. అర్ధశతాబ్దం క్రితం సూరత్‌లో స్థిరపడిన ఒక సమాజశాస్త్రవేత్త ఆ ప్రశ్ననే పట్టుకున్నారు. ఆయన ఐ.పి. దేశాయ్.

మన దేశంలో మార్కెట్ పరిశోధనకు పునాది వేసిన నగరాల్లో బరోడా ఒకటి. విక్రమ్ సారాభాయ్ 1960లో ఆపరేషన్స్ రీసెర్చ్ గ్రూప్‌ను అక్కడే నెలకొల్పారు. ఆ బరోడాలోనే విశ్వవిద్యాలయ ఆచార్యుడిగా ఉన్న దేశాయ్, సౌరాష్ట్రలోని మహువా పట్టణంలో 423 కుటుంబాలను అధ్యయనం చేసి 1964లో గ్రంథంగా వెలువరించారు. ఉమ్మడి కుటుంబం అంతరిస్తోందన్న అభిప్రాయం అప్పట్లో బలంగా ఉండేది. వేరు కాపురం పెట్టినంత మాత్రాన బంధం తెగదని, ఆస్తిపాస్తుల్లోనూ బాధ్యతల్లోనూ ఉమ్మడితనం నిలిచే ఉందని ఆయన తేల్చారు. పొయ్యిలను లెక్కపెట్టి కుటుంబాలను అంచనా వేసేవారికి అదొక హెచ్చరిక.

1969లో ఆయన సూరత్‌లో ఒక పరిశోధన సంస్థను స్థాపించారు. అదే నేటి సెంటర్ ఫర్ సోషల్ స్టడీస్. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది, 1955 చట్టం నేరంగా ప్రకటించింది. మరి ఊళ్లో ఏం జరుగుతోంది? దీన్ని తెలుసుకోవడానికి 1971లో గుజరాత్‌లోని 69 గ్రామాల్లో సర్వే సాగింది. ‘మీరు అంటరానితనం పాటిస్తారా’ అని అడిగితే చట్టం తెలిసినవాడెవడూ అవుననడు. అందుకే ఆచారాన్ని విడివిడి అంశాలుగా చూశారు. నీళ్లు ఎక్కడ తోడుకుంటారు? బడిలో పిల్లలు ఎక్కడ కూర్చుంటారు? ఉత్తరం చేతికి అందుతుందా? మంగలి క్షవరం చేస్తాడా? గుడిలోకి, ఇంట్లోకి రానిస్తారా?

పాతికేళ్ల తర్వాత, 1996లో ఘనశ్యామ్ షా అవే గ్రామాలకు మళ్లీ వెళ్లారు. బడిలో, తపాలా సేవల్లో వివక్ష దాదాపు కనుమరుగైంది. గుడి గడప, ఇంటి గడప దగ్గర మాత్రం అది బలంగానే నిలిచి ఉంది. ప్రభుత్వం చేయి పెట్టగలిగిన చోట మార్పు వచ్చింది, పెట్టలేని చోట ఆగిపోయింది. రెండు కాలాల లెక్కలను పక్కపక్కన పెట్టబట్టే ఈ తేడా కనిపించింది. ఒక్కసారి చేసే సర్వే స్థితిని చెబుతుంది. గతిని తెలుసుకోవాలంటే మళ్లీ వెళ్లక తప్పదు.

అయితే గుజరాత్ బడుల్లో కనిపించిన మార్పును దేశమంతటికీ వర్తింపజేయలేం. 2001-02లో 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల్లో జరిగిన సర్వేలో షా కూడా పాలుపంచుకున్నారు. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. 48.4 శాతం గ్రామాల్లో దళితులను ఉమ్మడి నీటి వనరుల దగ్గరికి రానివ్వడం లేదని అది వెల్లడించింది. టీకొట్టులో రెండు గ్లాసుల పద్ధతిని చూసిన తెలుగు పల్లెలకు ఆ అంకె ఆశ్చర్యం కలిగించదు.

2004 లోక్‌సభ ఎన్నికల్లో సర్వేల జోస్యాలు తలకిందులయ్యాయి. ఆ పొరపాటు ఓట్ల లెక్కింపు రోజునే బయటపడింది. సమాజం గురించి వేసిన తప్పుడు అంచనాకు అలాంటి లెక్కింపు రోజు ఉండదు. గ్రామీణ మార్కెట్ ఎంత పెరిగిందో, ఎన్ని ఇళ్లకు ఫ్రిజ్‌లు చేరాయో చెప్పే నివేదికలకు నేడు కొదవ లేదు. ఆ ఫ్రిజ్‌లోని చల్లటి నీళ్లు ఇంటికొచ్చిన దళితుడికి ఏ గ్లాసులో ఇస్తున్నారో కూడా అడిగినప్పుడే ఆ నివేదిక పూర్తవుతుంది.