నానీమా సందూక్‌లో మష్రూ ముక్క

మొన్న రంజాన్ ముందు, తూంకుంటలో మా ఇంట్లో నానీమా సందూక్ సర్దుతుంటే ఓ పాత మష్రూ ముక్క దొరికింది. "ఇది పట్టే కదా అమ్మీ, మగవాళ్లు తొడగొచ్చా?" అని అడిగింది మా అమ్మాయి. తిప్పి చూపించాను. పైకి పట్టు మెరుపు, ఒంటికి తగిలే వైపు నూలు. మష్రూ అంటేనే షరియత్‌లో జాయిజ్ అయినదని.

ఈ మష్రూ, హిమ్రూ ఒకప్పుడు మన దక్కన్ షాన్. నవాబుల జమానా పోయింది, కొనేవాళ్లూ పోయారు, మగ్గాలు మూలనపడ్డాయి. ఆ హునర్‌ను మన హైదరాబాద్‌లో మళ్లీ నిలబెట్టింది సురయ్యా హసన్ బోస్.

1928లో పుట్టారామె. వాలిద్ బద్రుల్ హసన్ గాంధీజీ బాటలో ఖాదీ పట్టిన మనిషి. చాచా ఆబిద్ హసన్ సఫ్రానీ నేతాజీ సాథీ, 1943లో ఆయనతో జలాంతర్గామిలో ప్రయాణించినవారు. సురయ్యా ఢిల్లీలో చేనేత ఎగుమతుల పని నేర్చుకుని హైదరాబాద్ తిరిగొచ్చారు. మాకు ఊరి అవతలి కొసన, హజ్రత్ హుసేన్ షా వలీ దర్గా దగ్గర మగ్గాలు పెట్టించారు.

మరి కొనేదెవరు? 1960లో ఢిల్లీలో ఫాబ్ఇండియా మొదలుపెట్టిన అమెరికన్ జాన్ బిసెల్ మన చేనేతను విదేశాలకు పంపేవాడు. లండన్ హాబిటాట్ దుకాణాలు ఆయన పెద్ద గిరాకీ. సురయ్యా నేయించిన బట్టలు ఆయనకు వెళ్లేవి. ఇద్దరిదీ వట్టి హిసాబ్ రిష్తా కాదు, దోస్తీ, భరోసా.

అటు ఆ దోస్తీ, ఇటు మగ్గం దగ్గర ఇంకో రిష్తా. బేవా ఆడవాళ్లను పిలిచి, ఉస్తాద్‌తో నేత నేర్పించి, మజ్దూరీ ఇచ్చారామె. చాచా పేరు మీద పెట్టిన సఫ్రానీ మెమోరియల్ స్కూల్లో వాళ్ల పిల్లలు చదువుకున్నారు. ఎక్కడో పరదేశంలో ఎవరో ఇష్టపడి కొన్న గుడ్డ, ఇక్కడ ఓ తల్లికి హలాల్ రోజీ, ఓ బిడ్డకు కితాబ్ అయింది. ఇప్పుడు ఫెయిర్ ట్రేడ్ అంటున్నారే, నాకు అర్థమైనంతలో అది ఇదే. రెండు కొసల్లోనూ మనుషుల్ని ఎరిగినవారు మధ్యలో ఉండటం.

2021లో సురయ్యా ఆపా ఇంతెఖాల్ అయ్యారు.

ఇంత చెప్పి, నా సంగతి దాచుకుంటే తప్పు. పోయినేడు ఓ మేళాలో నేతన్నతో రెండు వందల కోసం అరగంట బేరమాడాను. తగ్గించుకున్నాను, ఖుషీగా ఇంటికొచ్చాను. చెమట ఆరకముందే మజ్దూరీ ఇవ్వాలని పిల్లలకు నేర్పేదాన్ని, ఆయన పేరైనా అడగలేదు. ఇన్షా అల్లాహ్, ఈసారి ముందు పేరు అడుగుతాను, తర్వాతే ధర.