వ్యవసాయ పట్టభద్రులూ సలహా వ్యాపారమూ: కర్నూలు, కడప మెట్ట ప్రాంతాల నుంచి ఒక పరిశీలన

రైతుకు సలహా చెప్పి, దానికి డబ్బు తీసుకుని ఒక మనిషి బతకగలడా? బతకగలడని నమ్మి 2002లో కేంద్ర ప్రభుత్వం ఒక పథకం తెచ్చింది. ఆ నమ్మకాన్ని కర్నూలు, కడప మెట్ట పొలాల్లో నిలబడి చూద్దాం. (ఈ పాఠంలో కర్నూలు, కడప అంటే 2022 పునర్విభజనకు ముందున్న జిల్లాలని గ్రహించండి.) అయితే కథ 2002లో మొదలు కాలేదు.

1876–78 నాటి మహా కరువు గురించి మీరు విని ఉంటారు. మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కర్నూలు–కడప కాలువ అప్పటికే తవ్వి ఉంది. అయినా కర్నూలు జిల్లా జనాభా 1871, 1881 లెక్కల మధ్య దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఆ తర్వాత కూర్చున్న కరువు సంఘం ప్రతి రాష్ట్రంలోనూ వ్యవసాయ శాఖ ఉండాలని చెప్పింది. మద్రాసులో 1882లో ఆ శాఖ ఏర్పడింది. 1906లో నంద్యాలలో పరిశోధన క్షేత్రం వచ్చింది. రైతుకు తెలియని సంగతులు ప్రభుత్వానికి తెలుసు, వాటిని ఊరికి చేర్చడం సర్కారు పని అనే భావన అక్కడ పుట్టింది. ఆ సలహాకు రైతు చెల్లించవలసింది ఏమీ లేదు.

స్వాతంత్ర్యం తర్వాత ఈ భావన మరింత బలపడింది. 1952 అక్టోబర్ 2న సమాజాభివృద్ధి పథకం, మరుసటి ఏడాది జాతీయ విస్తరణ సేవ మొదలయ్యాయి. గ్రామసేవకుడు ఊరికి వచ్చాడు. తర్వాతి దశాబ్దాల్లో ప్రపంచ బ్యాంకు రుణంతో శిక్షణ–సందర్శన పద్ధతి నడిచింది. ఆ రుణాలు ఆగిపోయాక, 1990లలో ప్రభుత్వ నియామకాలు తగ్గాక, ఊరికి వచ్చే అధికారి అరుదైపోయాడు. మరోవైపు బాపట్ల, తిరుపతి కళాశాలలకు తోడు 1991లో నంద్యాల దగ్గర మహానందిలోనూ వ్యవసాయ కళాశాల పెట్టారు. పట్టభద్రులు పెరిగారు, కొలువులు పెరగలేదు.

అధికారి వదిలిన చోటును ఎవరు నింపారు? ఈ పాఠానికి ఇదే ముఖ్యమైన ప్రశ్న. 2003లో జాతీయ నమూనా సర్వే దేశమంతటా రైతు కుటుంబాలను ఈ విషయం అడిగింది. ప్రభుత్వ విస్తరణ కార్యకర్త నుంచి సమాచారం అందిందన్నవారు 5.7 శాతం. విత్తనాలు, ఎరువులు, మందులు అమ్మే దుకాణదారు నుంచి అందిందన్నవారు 13.1 శాతం. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబాల్లో 82 శాతం అప్పుల్లో ఉన్నట్టు తేలింది. దేశంలో అదే అత్యధికం.

ఈ రెండు సంగతులనూ కలిపి చదవండి. మందుల కొట్టు వాడు సలహాను విడిగా అమ్మడు. విత్తనం అప్పుగా ఇస్తాడు, పురుగు పడితే మందు అప్పుగా ఇస్తాడు, ఏ మందు కొట్టాలో ఉచితంగా చెబుతాడు. పంట వచ్చాక వడ్డీతో సహా బాకీ తీర్చాలి. సరుకు, అప్పు, సలహా ఒకే మూటలో వస్తాయి. మందు అసలు అవసరమా అని ఆ కొట్టులో అడగలేం. అవసరం లేదని చెబితే అతనికే నష్టం కదా! 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. కొత్త విత్తనం గురించి నిష్పక్షపాతంగా చెప్పేవాళ్లు పత్తి రైతుకు ఎక్కువగా కావలసి వచ్చిన కాలం అది.

సరిగ్గా అప్పుడే, 2002 ఏప్రిల్ 9న, అగ్రి క్లినిక్, అగ్రి బిజినెస్ కేంద్రాల పథకం ప్రారంభమైంది. 2001–02 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలోనే దీన్ని ప్రకటించారు. శిక్షణ బాధ్యత హైదరాబాద్‌లోని మేనేజ్ సంస్థది, రాయితీ నాబార్డు ద్వారా. ఎంపికైన పట్టభద్రులకు ఉచిత శిక్షణ (తొలినాళ్లలో రెండు నెలలు ఉండేది) ఇచ్చి, ఆ తర్వాత బ్యాంకు రుణానికి దారి చూపుతారు. మొదట్లో వ్యక్తికి 10 లక్షల రూపాయల వరకు ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. 2010 సవరణతో అది 20 లక్షలైంది. రాయితీ 36 శాతం, మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి 44 శాతం. డిప్లొమా చదివినవారికీ అవకాశం ఇచ్చారు. అయినా దేశం మొత్తం మీద శిక్షణ పొందినవారిలో సగంకన్నా తక్కువమందే కేంద్రాలు తెరిచారు. ముందు వరసలో నిలిచినవి మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్.

ఇప్పుడు ఈ పథకాన్ని కోయిలకుంట్లకో జమ్మలమడుగుకో తెచ్చి చూడండి. ఏడాదికి 600–700 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేనిది. నల్లరేగడిలో వాన తేమ మీద శనగ, ఎర్రనేలలో వేరుశనగ. వాన ముఖం చాటేస్తే ఎంత మంచి సలహా అయినా గింజగా మారదు. అటువంటి ఏడాది రైతు సలహాకు రుసుము ఎందుకిస్తాడు? ఇవ్వడు, ఇవ్వలేడు కూడా. కాబట్టి బ్యాంకు వాయిదా కట్టవలసిన పట్టభద్రుడు ఎరువులు, మందుల లైసెన్సు తీసుకుంటాడు. కొన్నాళ్లకు బోర్డు మీద క్లినిక్ అని ఉన్నా లోపల ఉన్నది కొట్టే. అతన్ని తప్పుపట్టలేం. పథకమే సలహాకు రాబడి ఎక్కడి నుంచి వస్తుందో తేల్చకుండా అప్పు ఇచ్చింది.

చీనీ, అరటి తోటలున్న పులివెందుల వైపు లెక్క కొంత వేరు. అక్కడ చెట్టు మీద రైతు ఏళ్ల తరబడి పెట్టిన పెట్టుబడి ఉంటుంది. దాన్ని కాపాడే మాటకు ధర పలికే వీలుంది. మెట్టలో మాత్రం పెద్ద మార్పులు సలహా కేంద్రాల ద్వారా రాలేదు. జేజీ 11 అనే శనగ రకాన్ని తీసుకోండి. ఇక్రిశాట్, జబల్‌పూర్ విశ్వవిద్యాలయం కలిసి తయారుచేసిన ఈ రకం 1999లో విడుదలైంది. త్వరగా కోతకు వస్తుంది, ఎండు తెగులును తట్టుకుంటుంది. ఈ జిల్లాల నల్లరేగళ్లలో అది పాత అన్నిగేరి రకం స్థానాన్ని ఆక్రమించింది. ప్రభుత్వ పరిశోధన, విత్తన సరఫరా, పక్క రైతు చేలో కళ్లారా చూడడం, ఇవే దాన్ని ఊళ్లకు చేర్చాయి.

పోటీ మరో దిక్కు నుంచి కూడా వచ్చింది. 2003లో మేనేజ్ సంస్థే దుకాణదారుల కోసం ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. పట్టభద్రుడిని వ్యాపారిగా మార్చే పని, వ్యాపారికి వ్యవసాయ శాస్త్రం నేర్పే పని ఒకే గూటిలో జరిగాయన్నమాట. రెండోదే తేలికైన పని అని నా అభిప్రాయం. కొట్టు, ఖాతాదారులు, అప్పు పుస్తకం అతని దగ్గర ముందే ఉన్నాయి.

రాష్ట్ర ప్రభుత్వం వేరే దారిలో నడిచింది. 2019లో గ్రామ సచివాలయాలతో పాటు గ్రామ వ్యవసాయ సహాయకులను నియమించింది. 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలను ప్రారంభించింది. 2024లో ప్రభుత్వం మారాక అవి రైతు సేవా కేంద్రాలయ్యాయి. సొంత క్లినిక్ తెరవగలిగిన చదువున్నవారే జీతం మీద సహాయకులయ్యారు. సలహా మళ్లీ ఉచితమైంది. విత్తనం, ఎరువు కూడా ఆ కేంద్రంలోనే ఇచ్చారు. మీ ఊళ్లో ఈ మూడూ ఎవరి దగ్గర దొరుకుతున్నాయో, కోతల వరకు అప్పు ఎవరు ఇస్తున్నారో ఇద్దరు ముగ్గురు రైతులను అడిగి రాసుకోండి. తర్వాతి పాఠంలో రైతు రుణాల చరిత్ర చదివేటప్పుడు ఆ వివరాలు మీకు అవసరమవుతాయి.