బీరువా వెల్డింగ్ చేసేది మనవాళ్లు, బిల్లు ఇంకొకరి పేరున

పంచాయతీ ఆఫీసులో దళిత సర్పంచును కుర్చీలో కూర్చోనివ్వని ఊళ్ల గురించి రాస్తూనే ఉన్నాం. ఆ కుర్చీని తయారుచేసి సర్కారుకు అమ్మే వ్యాపారంలో మన వాటా ఎంత అన్నది మాత్రం మనం కూడా పెద్దగా అడగలేదు.

కొయ్య ఫర్నిచర్ సంగతి వేరు. వడ్రంగం తరతరాలుగా కులవృత్తి. ఆ షెడ్లలో మనవాళ్లకు, మేం చూసినంతలో, గరుకు కాగితం రుద్దడం, పాలిష్, లోడింగ్ దక్కుతాయి. స్టీల్ ఫర్నిచర్‌కు అలాంటి కులవృత్తి లేదు. గోద్రెజ్ కంపెనీ స్టీల్ బీరువాలు మొదలుపెట్టిందే 1923లో. ఐటీఐలో వెల్డర్, ఫిట్టర్ ట్రేడ్ చేసిన దళిత యువకుడికి ఈ పని కొత్తేమీ కాదు. రేకును షీరింగ్ మెషిన్‌పై కోయాలి, ప్రెస్ బ్రేక్ మీద వంచాలి, స్పాట్ వెల్డింగ్ చేయాలి, రసాయనాల తొట్లలో కడిగి పౌడర్ కోటింగ్ వేసి ఓవెన్‌లో కాల్చాలి. చిన్న యూనిట్లు ఆగిపోయేది ఈ చివరి మెట్టు దగ్గరే. తొట్లు, ఓవెన్ పెట్టుకునే స్తోమత లేక కోటింగ్‌ను జాబ్ వర్క్‌కు ఇస్తాయి, మిగులు అక్కడే కరిగిపోతుంది.

పని వచ్చినవాడికి ఆర్డర్ ఎందుకు రాదు? 2012 నాటి ప్రభుత్వ కొనుగోళ్ల విధానం ప్రకారం కేంద్ర మంత్రిత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ ఏటా కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలి. మొదట ఇది 20 శాతం. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల యూనిట్లది. ఈ పరిశ్రమలకే ప్రత్యేకించిన 358 వస్తువుల జాబితాలో స్టీల్ బీరువా, స్టీల్ కుర్చీ కూడా ఉన్నాయి. టెండర్ ఫారాలు ఉచితం, ధరావతు కట్టనక్కర్లేదు.

ఇంత ఉన్నా ఆ 4 శాతం లక్ష్యానికి కొనుగోళ్లు చాలా దూరంలోనే ఉంటున్నాయి. కారణం ఆ ఉత్తర్వులోనే ఉంది. ఎస్సీ, ఎస్టీ యూనిట్లు టెండర్‌లో పాల్గొనకపోతే, లేదా షరతులకూ ధరకూ సరితూగకపోతే, ఆ వాటాను ఇతర చిన్న పరిశ్రమల నుంచి నింపుకోవచ్చు. అంటే మనం రాకపోయినా ఏ అధికారికీ నిద్ర చెడదు! పైగా ఇది కేంద్రానికే వర్తిస్తుంది. ఊరి బడి బెంచీలు, హాస్టల్ మంచాలు కొనేది రాష్ట్రం, దాని నిబంధనలు వేరు.

యూనిట్ పెట్టాలనుకునేవారు గమనించాల్సినవి కొన్ని. ఉద్యం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సొంత సంస్థ అయితే యజమాని, భాగస్వామ్యమో ప్రైవేట్ లిమిటెడో అయితే కనీసం 51 శాతం వాటా ఎస్సీ లేదా ఎస్టీలది కావాలి. కొని అమ్మే వ్యాపారికి ఈ వెసులుబాటు లేదు, తయారీ మీదే ఉండాలి. వాటా మన పేరున, చెక్కుబుక్కు వేరేవాళ్ల దగ్గర ఉండే ఏర్పాటుకు ఒప్పుకుంటే కేసు వచ్చేది మన మీదికే. పెట్టుబడికి స్టాండప్ ఇండియా కింద 10 లక్షల నుంచి కోటి వరకూ అప్పుకు 2016లో దారి వేశారు. తెలంగాణలో 2014 నుంచి టీ-ప్రైడ్ ఉంది.

సరుకు ఇచ్చాక డబ్బు రాకపోవడం ఇంకో బాధ. చట్టం ప్రకారం గడువు 45 రోజులకు మించకూడదు. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ అడగొచ్చు, ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. అప్పుడు మొదట అడిగేది సరుకు ముట్టిన తేదీతో సంతకం ఉన్న డెలివరీ చలానా. దాన్ని పారేయకండి.