1920 ఆక్రన్ ప్రోస్

ఆక్రన్ ప్రోస్ అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఆక్రన్ నగరానికి చెందిన ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు. 1920లో ఈ జట్టు 11 మ్యాచ్‌లు ఆడి 8 గెలిచింది, 3 డ్రా చేసుకుంది, ఒక్కటీ ఓడలేదు. సీజన్ మొత్తంలో 151 పాయింట్లు సాధించి, ప్రత్యర్థులకు 7 మాత్రమే ఇచ్చింది. నేటి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌కు (ఎన్ఎఫ్ఎల్) అదే మొట్టమొదటి సీజన్, ఆక్రన్ ప్రోస్ మొట్టమొదటి చాంపియన్. ఆ టైటిల్ ఎవరిదన్నది మాత్రం ఆట ముగిసిన నాలుగున్నర నెలలకు ఒక సమావేశంలో ఓట్లు వేసి తేల్చారు. తర్వాత కొన్ని దశాబ్దాల పాటు లీగే ఆ సంగతి మరిచిపోయింది.

ఆనాటి ఆట

అమెరికన్ ఫుట్‌బాల్‌లో జట్టుకు 11 మంది. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతూ, లేదా సహచరుడికి విసురుతూ ప్రత్యర్థి గీత దాటిస్తే టచ్‌డౌన్. దానికి 6 పాయింట్లు, ఆపైన కిక్‌తో మరొకటి. ఆట మధ్యలో బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపితే అది ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు. ఇంతవరకు ఇప్పటి ఆటా అదే. కానీ 1920 నాటి బంతి ఇప్పటి దానికంటే గుండ్రంగా, లావుగా ఉండేది. విసరడానికి చేతిలో సరిగా ఇమిడేది కాదు. పైగా విసిరేవాడు, బంతి ఆటలోకి వచ్చిన గీతకు కనీసం 5 గజాలు వెనక ఉండి తీరాలని నియమం. దాడికి వేరే మనుషులు, రక్షణకు వేరే మనుషులు అనే పద్ధతి ఇంకా రాలేదు. దిగిన పదకొండు మందే రెండు పనులూ చేసేవారు. తోలు టోపీ పెట్టుకోవడం ఎవరిష్టం వారిది. ఇలాంటి ఆటలో స్కోర్లు తక్కువగా ఉండటం మామూలే. 7-0, 10-0 ఆనాటికి గౌరవప్రదమైన విజయాలే.

రబ్బరు నగరం

గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్, గుడ్రిచ్ టైర్ల కంపెనీల ప్రధాన కర్మాగారాలు ఆక్రన్‌లోనే ఉండేవి. కారు అమెరికా జీవితంలోకి దూసుకొచ్చిన ఆ పదేళ్లలో టైర్ల గిరాకీ నగరాన్ని అమాంతం పెంచేసింది. 1910లో 69,067 ఉన్న జనాభా 1920 నాటికి 2,08,435కు చేరింది. కొత్తగా వచ్చినవారిలో చాలామంది దక్షిణాది రాష్ట్రాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన శ్వేతజాతి కార్మికులు. శనివారం కాలేజీ ఆటల రోజు కాబట్టి, ప్రొఫెషనల్ జట్లు కార్మికుల సెలవు దినమైన ఆదివారాన్ని పట్టుకున్నాయి.

ప్రోస్‌కు ముందు ఆక్రన్‌లో ఇండియన్స్ అనే జట్టు ఉండేది. పెగ్గీ పారట్ నాయకత్వంలో 1913, 1914 సంవత్సరాల్లో అది ఒహాయో చాంపియన్‌గా నిలిచింది. 1919లో నష్టాలు రావడంతో యాజమాన్యం మారింది. సిగార్ దుకాణం నడిపే ఫ్రాంక్ నీడ్, వ్యాపారి ఆర్ట్ ర్యానీ కలిసి 1920లో జట్టును చేపట్టి, ప్రోస్ అని కొత్త పేరు పెట్టారు.

కార్ల షోరూంలో పుట్టిన లీగ్

అప్పటి జట్ల యజమానులకు మూడు తలనొప్పులు ఉండేవి. ఆటగాళ్ల జీతాలు ఏటేటా పెరుగుతున్నాయి. ఈ వారం ఒక జట్టుకు ఆడినవాడు వచ్చే వారం ఎక్కువ డబ్బిచ్చే మరో జట్టులో తేలుతున్నాడు. ఇంకా చదువు పూర్తికాని కాలేజీ కుర్రాళ్లను మారుపేర్లతో దింపడం రివాజైపోయింది. వీటికి అడ్డుకట్ట వేద్దామని 1920 ఆగస్టు 20న ఆక్రన్, క్యాంటన్, క్లీవ్‌లాండ్, డేటన్ జట్ల ప్రతినిధులు క్యాంటన్ నగరంలో సమావేశమయ్యారు. క్యాంటన్ బుల్‌డాగ్స్ యజమాని రాల్ఫ్ హే అక్కడ హప్‌మొబైల్ కార్ల వ్యాపారి. ఆయన షోరూమే సమావేశ మందిరం.

సెప్టెంబర్ 17న మళ్లీ అక్కడే కలిసినప్పుడు ఇతర రాష్ట్రాల జట్లూ వచ్చాయి. కుర్చీలు చాలక కొందరు కార్ల ఫుట్‌బోర్డుల మీద కూర్చున్నారని డికేటర్ స్టేలీస్ జట్టు తరఫున వచ్చిన జార్జ్ హాలస్ తర్వాత గుర్తు చేసుకున్నాడు. సంస్థకు అమెరికన్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ అసోసియేషన్ అని పేరు పెట్టారు. అధ్యక్షుడిగా ఒలింపిక్ విజేత, క్యాంటన్ ఆటగాడు జిమ్ థోర్ప్‌ను ఎన్నుకున్నారు. పరిపాలనా దక్షత చూసి కాదు, పత్రికల్లో ఆ పేరుకున్న విలువ చూసి. కార్యదర్శి, కోశాధికారి బాధ్యతలు ఆక్రన్ యజమాని ర్యానీకి దక్కాయి. సభ్యత్వ రుసుము జట్టుకు 100 డాలర్లని నిర్ణయించారు గానీ, ఎవరూ కట్టలేదని హాలసే చెప్పాడు.

లీగ్ అన్నది చాలావరకు కాగితం మీదే. మ్యాచ్‌ల పట్టిక లేదు. ఎవరు ఎవరితో ఎన్ని ఆటలు ఆడాలో యజమానులే మాట్లాడుకునేవారు. లీగ్‌లో లేని జట్లతోనూ ఆడేవారు. చివర్లో టైటిల్ మ్యాచ్ అనే ఊసే లేదు. టైటిల్ వివాదానికి బీజం పడింది ఇక్కడే.

పొలార్డ్

ఆక్రన్ జట్టుకు ఆటగాడూ, కోచ్ కూడా ఎల్జీ టోబిన్. ఫుల్‌బ్యాక్ రిప్ కింగ్, సెంటర్ రస్ బెయిలీ, ఎండ్ స్థానంలో బాబ్ నాష్, లైన్‌లో ఆల్ నెస్సర్ లాంటి గట్టివాళ్లు ఉన్నారు. కొలంబస్ రైల్వే వర్క్‌షాపుల్లో పనిచేస్తూ ఫుట్‌బాల్‌లో పేరు తెచ్చుకున్న నెస్సర్ సోదరుల్లో ఆల్ ఒకడు. అయితే జనం డబ్బులిచ్చి చూడటానికి వచ్చింది మాత్రం హాఫ్‌బ్యాక్ ఫ్రిట్జ్ పొలార్డ్ కోసం.

1894లో షికాగోలో పుట్టిన పొలార్డ్ నల్లజాతీయుడు. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, బరువు సుమారు 75 కిలోలు. బ్రౌన్ యూనివర్సిటీ తరఫున 1916 జనవరి 1న కాలేజీ ఫుట్‌బాల్ పోటీ రోజ్ బౌల్ ఆడి, ఆ పోటీలో దిగిన తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు. 1919లో ఆక్రన్ జట్టులో చేరాడు. దక్షిణాది నుంచి వలస వచ్చిన కార్మికులు తమ ద్వేషాన్ని కూడా మూటగట్టుకునే వచ్చారు. దాంతో సొంత మైదానంలో కూడా అతనికి రక్షణ లేదు. మిగతా ఆటగాళ్లతో కలిసి బట్టలు మార్చుకోవడం కుదిరేది కాదు. నీడ్ సిగార్ దుకాణంలో సిద్ధమై, ఆట మొదలయ్యే వేళకు కారులో మైదానానికి వచ్చేవాడు. కింద పడ్డాక ప్రత్యర్థులు కావాలని మీద పడి దెబ్బతీయకుండా, వెల్లకిలా తిరిగి బూటు మేకులు పైకి చూపేవాడు. జట్టులోని తెల్లవారు ఈ విషయాల్లో అతనికి ఎంత అండగా ఉన్నారన్నది వేరే చర్చ. ఆటలో మాత్రం బంతి అతనికే ఇచ్చేవారు. ఆ ఏడాది లీగ్‌లో ఆడిన నల్లజాతీయులు ఇద్దరే. రెండోవాడు రాక్ ఐలాండ్ జట్టులోని బాబీ మార్షల్.

సీజన్

అక్టోబర్ 3న వీలింగ్ స్టోగీస్‌పై 43-0, వారం తర్వాత కొలంబస్ పాన్‌హ్యాండిల్స్‌పై 37-0. ఆపైన సిన్సినాటి సెల్ట్స్‌పై 13-0, క్లీవ్‌లాండ్ టైగర్స్‌పై 7-0. వీలింగ్, సిన్సినాటి లీగ్ సభ్య జట్లు కావు. ఆ మాటకొస్తే ఈ నాలుగు విజయాలతో ఆక్రన్‌ను ఎవరూ చాంపియన్ అని అనుకుని ఉండరు.

అసలు పరీక్ష అక్టోబర్ 31న క్యాంటన్‌లో ఎదురైంది. అప్పటిదాకా ఓటమి ఎరుగని బుల్‌డాగ్స్ మీద, సుమారు 10,000 మంది ముందు, ఆక్రన్ 10-0తో గెలిచింది. చార్లీ కాప్లీ ఫీల్డ్ గోల్ కొట్టాడు. క్యాంటన్ విసిరిన పాస్‌ను పైక్ జాన్సన్ మధ్యలోనే అందుకుని టచ్‌డౌన్ దాకా పరిగెత్తాడు. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌కు అప్పటివరకు రాజధాని క్యాంటన్. ఆ రోజుతో లెక్కలు మారాయి.

నవంబర్ 7న క్లీవ్‌లాండ్‌తో 7-7 డ్రా. ఏడాది మొత్తంలో ఆక్రన్‌పై నమోదైన ఏకైక టచ్‌డౌన్ అక్కడే వచ్చింది. నవంబర్ 21న డేటన్‌పై 13-0, నాలుగు రోజులకు థ్యాంక్స్‌గివింగ్ పండుగ నాడు క్యాంటన్‌పై మళ్లీ 7-0, 28న డేటన్‌పై మరోసారి 14-0. ఎనిమిది రోజుల్లో మూడు మ్యాచ్‌లు, దాదాపు అదే పదకొండు మందితో, ఒక్క పాయింటూ ఇవ్వకుండా. ఈ సీజన్ ఘనత ఎక్కడుందంటే నేను ఈ ఎనిమిది రోజులనే చూపిస్తాను.

రెండు సున్నా-సున్నాలు

డిసెంబర్ నాటికి టైటిల్ అడగగల జట్లు మూడు మిగిలాయి. ఆక్రన్, బఫలో ఆల్-అమెరికన్స్, డికేటర్ స్టేలీస్.

బఫలో డిసెంబర్ 4న న్యూయార్క్‌లో క్యాంటన్‌ను 7-3తో ఓడించి, అక్కడి నుంచి సొంత ఊరికి చేరి మర్నాడే ఆక్రన్‌తో తలపడింది. ఫలితం 0-0. ఆ రోజు స్కోరు కన్నా పెద్ద విశేషం మైదానం బయట జరిగింది. ఆక్రన్ తన ఆటగాడు బాబ్ నాష్‌ను 300 డాలర్లకూ, టికెట్ల రాబడిలో 5 శాతానికీ బఫలోకు అమ్మేసింది. లీగ్ చరిత్రలో నమోదైన తొలి ఆటగాడి అమ్మకం ఇదే. టైటిల్ కోసం పోటీపడుతున్న జట్టు తన మనిషిని ఆ పోటీదారుకే అమ్మడం ఇప్పుడు ఊహకు కూడా అందదు.

డిసెంబర్ 12న షికాగోలోని కబ్స్ పార్క్‌లో (నేటి రిగ్లీ ఫీల్డ్) స్టేలీస్‌తో చివరి ఆట. స్టేలీస్ డికేటర్ పట్టణంలోని ఒక స్టార్చ్ కంపెనీ జట్టు. టికెట్లు అమ్ముడుపోవాలంటే పెద్ద నగరం కావాలని ఆటను షికాగోకు మార్చారు. 12,000 మంది వచ్చారు. ఆటగాళ్ల గోడ దూకుళ్లను ఆపడానికే లీగ్ పెట్టుకున్న పెద్దల్లో ఒకడైన హాలస్, ఈ ఒక్క మ్యాచ్ కోసం షికాగో కార్డినల్స్ నుంచి ప్యాడీ డ్రిస్కల్‌ను తెచ్చుకుని దింపాడు. అయినా ఫలం దక్కలేదు. మళ్లీ 0-0.

ఓట్లతో వచ్చిన కప్పు

డికేటర్ 10 గెలిచి, ఒకటి ఓడి, 2 డ్రా చేసుకుంది. బఫలో 9 గెలిచి, ఒకటి ఓడి, ఒకటి డ్రా చేసుకుంది. ఆక్రన్ కంటే ఎక్కువ ఆటలు గెలిచామని రెండు జట్లూ టైటిల్ కోరాయి. 1921 ఏప్రిల్ 30న ఆక్రన్‌లోనే జరిగిన లీగ్ సమావేశం ఓటు ద్వారా ఆక్రన్‌ను చాంపియన్‌గా ప్రకటించింది. సమావేశం వారి ఊళ్లోనే, కార్యదర్శీ వారి మనిషే కాబట్టి అనుమానం రావడం సహజం. కానీ అప్పటి లెక్కలో డ్రాలను పక్కన పెట్టి గెలుపోటములే చూసేవారు. ఓటమి లేని జట్టుకు నూటికి నూరు శాతం వస్తుంది. ఆ నియమం ప్రకారం తీర్పు సరైనదే.

1972 నుంచి ఎన్ఎఫ్ఎల్ డ్రాను సగం గెలుపు, సగం ఓటమిగా లెక్కిస్తోంది. అదే కొలతతో 1920ను కొలిస్తే ఆక్రన్‌కూ బఫలోకూ 11 ఆటల్లో తొమ్మిదిన్నర చొప్పున సరిసమానంగా వస్తాయి. డికేటర్‌కు 13లో 11, అంటే కొంచెం తక్కువ. కాబట్టి బఫలో వాళ్ల ఫిర్యాదులో కొంత న్యాయం ఉంది, హాలస్ ఫిర్యాదులో అంత లేదు. పైగా ఆక్రన్‌ను ఓడించే అవకాశం ఇద్దరికీ వచ్చింది. ఇద్దరూ ఒక్క పాయింటైనా చేయలేకపోయారు.

బ్రన్స్‌విక్-బాల్కే-కొలెండర్ కంపెనీ విరాళంగా ఇచ్చిన కప్పు ఆక్రన్‌కు దక్కింది. ఆటగాళ్లకు ఫుట్‌బాల్ ఆకారంలో చిన్న బంగారు పతకాలు ఇచ్చారు. ఆ కప్పును మరే జట్టుకూ ఇవ్వలేదు. ఇప్పుడది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆ సమావేశంలోనే అధ్యక్షుడిగా ఎన్నికైన జో కార్ లీగ్‌ను క్రమంలో పెట్టాడు. 1922లో అది నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌గా పేరు మార్చుకుంది. 1920 తీర్పు మాత్రం జ్ఞాపకం నుంచి జారిపోయింది. ఆ ఏడాది విజేత తేలలేదని 1970ల వరకూ లీగ్ రికార్డుల్లో రాసుకుంటూ వచ్చారు.

తర్వాతి కథ

1921లో పొలార్డ్ ఆడుతూనే కోచ్ బాధ్యత కూడా పంచుకుని, లీగ్‌లో తొలి నల్లజాతి కోచ్ అయ్యాడు. తర్వాత గాయకుడిగా, నటుడిగా ప్రపంచ ప్రసిద్ధుడైన పాల్ రోబ్సన్ ఆ సీజన్‌లో ఆక్రన్‌కు ఆడాడు. అప్పటికి న్యాయశాస్త్రం చదువుతున్నాడు. ఇంతమంది ఉన్నా ప్రోస్ ఆ ఏడాది మూడో స్థానానికి పరిమితమైంది. ఆపైన జట్టు మళ్లీ కోలుకోలేదు.

1934 నుంచి 1945 వరకు లీగ్‌లో ఒక్క నల్లజాతి ఆటగాడికీ చోటు దొరకలేదు. పొలార్డ్ తర్వాత మరో నల్లజాతి హెడ్ కోచ్‌ను ఎన్ఎఫ్ఎల్ చూసింది 1989లో, ఆర్ట్ షెల్ రూపంలో. పొలార్డ్ 1986లో మరణించాడు. క్యాంటన్‌లోని ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ అతన్ని చేర్చుకున్నది 2005లో.

1920లో లీగ్‌లో ఆడిన జట్లలో నేటికీ మిగిలినవి రెండే. డికేటర్ స్టేలీస్ షికాగో బేర్స్‌గా, షికాగో కార్డినల్స్ అరిజోనా కార్డినల్స్‌గా ఆడుతున్నాయి. ఆక్రన్ జట్టు 1926లో పాత పేరు ఇండియన్స్‌తో చివరి సీజన్ ఆడి మూతపడింది. ఆ నగరానికి మళ్లీ ఎన్ఎఫ్ఎల్ జట్టు రాలేదు.