‘ఫాల్స్’ అనే మాట ఎవరిది?



అమలాపురం, రాజోలు, కొత్తపేట... ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా, ఇంగ్లీషు చదవని వాళ్ల నోట కూడా వినపడే మాట ఒకటుంది: ఫాల్స్. "అది ఫాల్స్ కేసండీ." మొన్న క్లాసులో మన పేట కుర్రాడే లేచి, "మాస్టారూ, మనోళ్లు పెట్టే అట్రాసిటీ కేసుల్లో ఎక్కువ ఫాల్సేనంట కదండీ?" అన్నాడు. నాకు కోపం రాలేదు. మన మీద వేసిన మాట మన నోట్లోకి ఎలా వచ్చిందా అనిపించింది.

ఈ మాటకు మూలం మోసగించడం అనే అర్థమున్న లాటిన్ క్రియ. అంటే కేసు ఫాల్స్ అనడం కేసు నిలబడలేదని చెప్పడం కాదు, పెట్టినవాడు మోసగాడని తేల్చడం. నిరూపణ కాకపోవడం వేరు, అబద్ధం వేరు. సాక్షి ఎందుకు వెనక్కి తగ్గుతాడు? రేపు కొబ్బరి దింపుకి పిలవాల్సిందీ, చేను కౌలుకి ఇవ్వాల్సిందీ నిందితుడి బంధువులే కనుక. రాజీ అయిన కేసునీ, సాక్ష్యం చాలని కేసునీ ఊరు ఒకే గంపలో వేసి ఫాల్స్ అంటుంది.

చుండూరు గుర్తుచేసుకోండి. 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులంది. మరి ఆ 8 శవాలు ఫాల్సా?

2018 మార్చి 20న సుప్రీంకోర్టు, చట్టం దుర్వినియోగమవుతోందంటూ, అరెస్టుకు ముందస్తు అనుమతి కావాలంది. ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది. ఆగస్టులో పార్లమెంటు 18ఏ సెక్షన్ తెచ్చింది. 2019 అక్టోబరు 1న కోర్టు తన ఆదేశాలను తానే వెనక్కి తీసుకుంది. తీర్పు మారింది. టీ కొట్టు దగ్గర మాట మారలేదు.

ఇప్పుడు అసలు సంగతి. 1989 చట్టాన్ని తెరిచి 3వ సెక్షన్ చదవండి. అక్కడా ఫాల్స్ ఉంది! ఎస్సీ, ఎస్టీల మీద తప్పుడు కేసు పెట్టడం, అధికారికి తప్పుడు సమాచారమిచ్చి వాళ్లకు హాని చేయించడం అట్రాసిటీలే. 2015 సవరణ తర్వాత అవి 3(1)(పి), 3(1)(క్యూ). మనం ఫిర్యాదు చేసిన మర్నాడే మన మీద పడే ‘కౌంటర్ కేసు’ను ఆ చట్టం ముందే చూసింది. చట్టం ఈ మాటను మన రక్షణకు రాసింది. ఊరు దాన్ని తిప్పి మన మీదికే విసిరింది.

ఆ కుర్రాడికి ఒకటే చెప్పాను. ఇకమీద ఎవరైనా ఫాల్స్ అంటే మూడు అడుగు: కోర్టు అబద్ధమని తేల్చిందా, సాక్ష్యం చాలలేదందా, సాక్షిని ఎవరైనా బెదిరించారా? జవాబు చెప్పే భారం అన్నవాళ్లదే.

జై భీమ్.