వేళకు వచ్చినవాడు

కొన్నాళ్ల క్రిందట కృష్ణానగరులో ఒక మిత్రుని యింట జరిగిన విందునకు పోయితిని. ఆహ్వానపత్రికలో సాయంకాలము 7 గంటలని యచ్చువేసి యుండెను. నేను సరిగా 7 గంటలకు గడప త్రొక్కితిని. కుర్చీలు ఇంకను బండినుండి దింపుచుండిరి. గృహస్థు స్నానమునకు పోయి యుండెను. ఆయన తల్లిగారు తడిచేతులు కొంగున తుడుచుకొనుచు వంటయింటినుండి వచ్చి, "అప్పుడే వచ్చేశావా నాయనా!" అనిరి. ఆ మాటలో ఆదరమే గాని ఆక్షేపణము లేదు. అయినను 'అప్పుడే' యను నొక్క పదము నన్ను దోషిని జేసెను. గంటన్నర గడచిన తరువాత వచ్చినవారికి మాత్రము గుమ్మము కడనే స్వాగతము లభించెను.

చెప్పిన వేళకు వచ్చినవాడు సిగ్గుపడవలసిన యీ వింత మనలో నెట్లు కలిగినది? 'మనవారికి కాలమన్న లక్ష్యము లేదు' అని తేల్చివేయుట సులభము. కాని చరిత్ర యా మాటను సమర్థింపదు.

మన పూర్వులు అహోరాత్రమును 60 గడియలుగా విభజించిరి. గడియ యనగా 24 నిమిషములు. అందు 60వ పాలు విఘడియ, అనగా 24 సెకండ్లు. అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నెను నీటిపై నుంచి, అది నిండి మునుగుటనుబట్టి గడియను గుర్తించెడివారు. దానికి ఘటిక యని పేరు. మన గడియ, గడియారము అను మాటలకు మూలమదియే. 12వ శతాబ్దమునాటి భాస్కరాచార్యుని కుమార్తె లీలావతిని గూర్చి యొక కథ కలదు. ఆమె నగనుండి ముత్యమొకటి జారి గిన్నె రంధ్రమున కడ్డుపడగా లగ్నము దాటిపోయెనట. ఇది వట్టి కథయే కావచ్చును. కాని ఒక గడియ తప్పినందున ఒక బాలిక జీవితమే తప్పిపోయెనని చెప్పుకొన్న జనులు కాలము నెరుగరనుట యెట్లు? నేటికిని శుభలేఖలలో ముహూర్తమును నిమిషములతోగూడ అచ్చువేయుచునే యున్నాము.

అయితే ఆ సూక్ష్మత యంతయు గ్రహములకొరకు, మనుష్యులకొరకు కాదు. తోడివారితో వ్యవహారమునకు 'ప్రొద్దెక్కిన తరువాత', 'దీపాలవేళ' అను మాటలే చాలియుండెను. దీపాలవేళ నిమిషము కాదు. విశాలమైన చావడి వంటిది. అందులో నెప్పుడు ప్రవేశించినను ఆలస్యము లేదు, తొందరయు లేదు.

ఈ చావడికి గోడలు కట్టినది రైలుబండి. 1874లో వాడినుండి సికిందరాబాదునకు రైలుమార్గము వచ్చెను. బండి జమీందారుకొరకు నిలువదు, కూలివానికొరకు నిలువదు. 1889లో చార్మినారునకు గడియారములు అమర్చిరి. 1892లో మహబూబ్ చౌకులో గడియారస్తంభము వెలసెను. 1897లో సికిందరాబాదు స్తంభము లేచెను. 1906 జనవరి 1వ తేదీన దేశమంతటికి నొక్క కాలము నిర్ణయింపబడెను. మన కాకినాడకు సమీపముగా పోవు 82½ డిగ్రీల రేఖ దానికి ఆధారము. ఆ లెక్కను హైదరాబాదులో సూర్యుడు నడినెత్తికి వచ్చునది సగటున 12 గంటల 16 నిమిషములకు. సూర్యుని ప్రొద్దు వేరు, గడియారపు ప్రొద్దు వేరు అయ్యెను. పెద్ద నగరములే దీని కొకపట్టున లొంగలేదు: కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ తమ కాలములనే పట్టుకొని యుండెను.

మనమును లొంగితిమి, కాని సగమే. బడిగంటకు, కచేరీకి, కార్ఖానాకు లొంగితిమి. అక్కడ ఆలస్యమునకు శిక్ష కలదు. శిక్ష లేనిచోట మాత్రము పాత దర్బారు మర్యాదయే నిలిచినది. దర్బారులో చిన్నవారు ముందు వచ్చి నిలువవలెను. పెద్దవారు చివర రావలెను. ఎవరికొరకు ఎందరు వేచియుందురో వారంత గొప్పవారు. నేటి సభలలో ముఖ్యాతిథి వచ్చువరకు జ్యోతి వెలుగకుండుట ఆ దర్బారు నీడయే. ముందు వచ్చినవాడు తనకు వేరుపని లేదనియో, తాను చిన్నవాడననియో యొప్పుకొన్నట్లగును. కావున చిన్నవారనిపించుకొనుటకు ఇష్టపడక అందరును ఆలస్యముగానే వత్తురు.

ఈ భేదమును చూడగోరువారు దూరము పోనక్కరలేదు. కృష్ణానగరు చలనచిత్రములలో పనిచేయు చిన్న నటులకు, శ్రామికులకు నిలయము. అమీరుపేటలో సారథీ స్టూడియో, 1976లో అన్నపూర్ణా స్టూడియో వెలసిన తరువాత వీరి బ్రతుకు ఈ ప్రాంతముతో ముడిపడినది. తెల్లవారకమునుపే వీరు వీథిమూలలలో వాహనములకొరకు నిలుచుందురు. వారు తప్పినచో ఆనాటి కూలి తప్పును. అంత వేళకు పోయినవారే చిత్రీకరణస్థలమున తమవంతుకొరకు గంటలకొలది కూర్చుందురు. 2019లో ఈ ప్రక్కకు మెట్రోరైలు వచ్చెను. అందరికిని ఒక్కటే తలుపు, ఒక్కటే వేళ. కాని బండి దిగి విందునకు నడచునప్పటికి మరల దర్బారులోనికే అడుగుపెట్టుచున్నాము.

వేళ తప్పుట నిర్లక్ష్యమని మాత్రమే యెంచి మందలించినచో ప్రయోజనము లేదు. అది యితరుల కాలమునకు వెల తక్కువ కట్టుట. ఆ వెల తగ్గింపు ఎక్కువగా స్త్రీలమీదనే పడును. చల్లారిన కూరను మరల పొయ్యిమీద బెట్టునది వారు. చివరి యతిథి తిన్నపిదప తినునది వారు.

వేళ పాటించువారి తప్పును గూడ చెప్పవలెను. ఆ సాయంకాలము నేను చేతిగడియారమును జూచుకొని, నేనొక్కడనే సత్యవంతుడనైనట్లు కుర్చీలో బిగిసికొని కూర్చుంటిని. నాకొరకు మంచినీరు తెచ్చుటకు ఆ వృద్ధురాలు పని విడిచి రావలసివచ్చెను. ఇంక కొంతసేపటికి నాకే సిగ్గువేసి, లేచి కుర్చీలు దింపుటకు చేయి కలిపితిని. అప్పటినుండి నా రాక వారికి భారము కాలేదు.

గృహస్థులు తాము నిజముగా సిద్ధపడగల వేళనే పత్రికలో వేయుదురు గాక! వేసిన వేళకు వడ్డింపు మొదలుపెట్టుదురు గాక! రెండు మూడు విందులలో చల్లని పప్పు తిన్న పెద్దమనుష్యులు నాలుగవ విందునకు తామే వేళకు వత్తురు. ఆ రాత్రి మిత్రుని తల్లిగారు విస్తరి ముందు కూర్చుండునప్పటికి 11 గంటలు దాటెను. ముహూర్తమునకు విఘడియలు లెక్కించిన మనము ఆ తల్లి యాకలికి గడియలైనను లెక్కింపలేమా?